గ్యారేజీలో రైఫిల్ బిల్డ్ వీడియోలు, వైజాగ్‌లో మన షెడ్డు, మధ్యలో ఆర్మ్స్ యాక్ట్

యూట్యూబ్‌లో ఒక రకం వీడియోలు ఉంటాయి, చూడ్డం మొదలెడితే ఆపలేం. అమెరికాలో ఎవరో పెద్దాయన, గ్యారేజీ నిండా సామాను, గోడకి రెంచీలు, మూల పాత ఫ్రిజ్, బెంచ్ మీద వైస్, ఆ గజిబిజి మధ్యలో కూర్చుని ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ని (ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు అనే కడ్డీని వెనక్కి లాగి ముందుకి తోసే రకం) తనకి నచ్చినట్టు కట్టుకుంటూ ఉంటాడు. బ్యారెల్ ఒక కంపెనీ నుంచి, యాక్షన్, అంటే తూటా ఎక్కించి పేల్చే మెకానిజం, ఇంకో కంపెనీ నుంచి, ట్రిగ్గర్ కొరియర్‌లో, భుజానికి ఆనించే స్టాక్ వాల్‌నట్ చెక్కతో సొంతంగా చెక్కుకుని, చివర్లో రేంజ్‌కి వెళ్ళి వంద గజాల దూరంలో అయిదు గుళ్ళు ఒకే కన్నంలోంచి పోయినట్టు కొట్టి చూపిస్తాడు. ఇది చూసిన మనోడికి, అందులోనూ గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద చెయ్యి తిరిగినోడికో, స్టీల్ ప్లాంట్‌లోనో షిప్‌యార్డ్‌లోనో ఫిట్టర్‌గా చేసి రిటైరైనోడికో, ఓస్ ఇంతేనా, ఇది మనం చెయ్యలేమా ఏటి అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేం లేదు, చేతి పని విషయంలో మన వైజాగ్ వాళ్ళు ఎవరికీ తీసిపోరు, టార్పెడోల మీద పని చేసే రక్షణ శాఖ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్న ఊరు ఇది.

అడ్డం పడేది పనితనం కాదు, చట్టం. "ఏదో పర్మిషన్ తీసుకుంటే అయిపోద్ది కదా" అని చాలామంది అనుకునేంత చిన్న అడ్డం కూడా కాదు. అందుకే ఈ విషయాన్ని కొంచెం విడగొట్టి చెప్పాలనిపించింది. రైఫిల్ ఎలా తయారు చెయ్యాలో ఇందులో ఉండదు, ముందే చెప్తున్నా. అక్కడ ఆయన ఎలా చెయ్యగలుగుతున్నాడు, ఇక్కడ మనం ఎందుకు చెయ్యకూడదు, ఆ సరదా ఉన్నోడికి ఇక్కడ చట్టబద్ధంగా మిగిలేది ఎంత, ఇదే సంగతి.

ముందు అమెరికా వైపు చూద్దాం. ఆ వీడియోలో ఆయన పెద్ద తయారీదారు ఏం కాదు, చాలా వరకు చేసేది అసెంబ్లీ. అక్కడ 1968లో వచ్చిన గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం మొత్తం రైఫిల్‌లో ఒకే ఒక్క భాగం చట్టం దృష్టిలో "గన్". దాన్ని రిసీవర్ అంటారు, బోల్టు అటూ ఇటూ కదిలే గూడు అన్నమాట. సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది, కొనేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరిగేది దానికే. మిగతావన్నీ, బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్, స్కోపు, ఇవి వాళ్ళకి మామూలు సామాన్లు, మన దగ్గర బైక్ స్పేర్ పార్టులు కొన్నట్టు ఆర్డర్ పెట్టుకుంటారు. రెమింగ్టన్ 700 అని 1962లో వచ్చిన మోడల్ ఒకటుంది, దాని కొలతలు అక్కడ ఒక స్టాండర్డ్ లాగా అయిపోయి, దానికి సరిపోయేలా పదుల కంపెనీలు పార్టులు చేస్తాయి. అమ్మడానికి కాకుండా సొంతానికి తయారు చేసుకుంటే, ఫెడరల్ చట్టం ప్రకారం తయారీ లైసెన్స్ అక్కర్లేదు. (రాష్ట్రాల చట్టాలు వేరు, కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల చాలా గట్టిగా ఉంటాయి.)

ఆ ఒక్క భాగాన్నే గన్ అనడం వల్ల అక్కడ కూడా తలనొప్పి వచ్చింది. ఆ రిసీవర్‌ని పూర్తిగా కాకుండా ముప్పావు వంతు చేసి, "ఇది గన్ కాదు, లోహపు ముక్క" అని కిట్‌లు అమ్మడం మొదలెట్టారు, కొన్నవాడు మిగతా కాస్తా ఇంట్లో పూర్తి చేసుకుంటే సీరియల్ నంబర్ లేని తుపాకీ తయారు. వీటికే ఘోస్ట్ గన్ అని పేరు. 2022లో అక్కడి ప్రభుత్వం అలాంటి కిట్‌లు కూడా గన్ కిందకే వస్తాయని రూల్ తెచ్చింది, దాని మీద కోర్టుకెళ్తే 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ రూల్‌నే సమర్థించింది. అంటే తుపాకుల విషయంలో అంత వదులుగా ఉండే దేశంలోనే, "ఏ ముక్క దగ్గర గన్ మొదలవుద్ది" అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన చట్టం ఆ ప్రశ్నకి అసలు చోటే ఇవ్వలేదు. ఆర్మ్స్ యాక్ట్, 1959, సెక్షన్ 2లో నిర్వచనాలు చూస్తే, ఫైర్ ఆర్మ్ అంటే పేలుడు వల్ల గానీ ఇంకే రకమైన శక్తి వల్ల గానీ గుండుని వదిలే ఆయుధం, దాని విడి భాగాలు కూడా ఫైర్ ఆర్మే, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి, శబ్దం తగ్గించే సైలెన్సర్ లాంటివి కూడా అందులోకే. ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా చూడాలి. ఒకటి, "విడి భాగాలు" అన్న మాట. రిసీవర్ ఒక్కటే కాదు, బ్యారెల్ ఒక్కటే ఉన్నా, బోల్టు ఒక్కటే ఉన్నా చట్టం పరిధిలోకి వచ్చేస్తాం. అమెరికా వెబ్‌సైట్‌లో చూసి ఒక బ్యారెల్ ఆర్డర్ పెడితే అది స్పేర్ పార్ట్ దిగుమతి కాదు, సెక్షన్ 10 ప్రకారం లైసెన్స్ లేకుండా ఆయుధం దిగుమతి, కస్టమ్స్ వాళ్ళ దగ్గర పార్సిల్ ఆగిందంటే మీ పేరూ అడ్రసూ దాని మీదే ఉంటాయి. రెండోది "ఇంకే రకమైన శక్తి" అన్న మాట, ఎయిర్ గన్ సంగతి వచ్చినప్పుడు మళ్ళీ ఇక్కడికే రావాలి.

ఇంక తయారీ. సెక్షన్ 5 ఏమంటుందంటే లైసెన్స్ లేకుండా ఎవరూ ఆయుధం గానీ మందుగుండు గానీ తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు, మార్చకూడదు, రిపేర్ చెయ్యకూడదు, టెస్ట్ చెయ్యకూడదు. రిపేర్ కూడా ఉంది చూశారా. అంటే మీ తాతగారి పాత సింగిల్ బ్యారెల్‌కి లైసెన్స్ పక్కాగా ఉన్నా, దాని స్ప్రింగ్ విరిగితే మీ వీధి చివర లేత్ షాపులో మార్పించడానికి లేదు, లైసెన్స్ ఉన్న గన్ డీలర్ దగ్గరికో గన్‌స్మిత్ దగ్గరికో వెళ్ళాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సూ, తుపాకీ చేసే లైసెన్సూ రెండూ వేరు వేరు, ఒకటి ఉంటే ఇంకోటి వచ్చేసినట్టు కాదు. చాలామంది తప్పు పడేది ఇక్కడే. "నాకు లైసెన్స్ ఉంది, నా రైఫిల్ నేను బాగు చేసుకుంటా, తప్పేముంది" అంటారు. సెక్షన్ 6 ఇంకో మెట్టు పైకెళ్ళి బ్యారెల్ పొట్టి చెయ్యడం, బొమ్మ తుపాకీని అసలు తుపాకీగా మార్చడం గురించి విడిగా చెప్తుంది, అవి కూడా లైసెన్స్ లేకుండా నేరమే.

శిక్ష సంగతి చెప్తే కొందరు నమ్మరు. లైసెన్స్ లేకుండా తయారు చేస్తే ఒకప్పుడు 3 నుంచి 7 ఏళ్ళు ఉండేది. 2019లో చట్టం సవరించారు, ఆ ఏడాది డిసెంబర్ నుంచి అమల్లో ఉంది, ఇప్పుడు కనీసం 7 ఏళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం, పైన జరిమానా. కనీసం 7 అంటే జడ్జి గారికి జాలేసి "హాబీగా చేశాడు పాపం, సంవత్సరం చాల్లే" అనడానికి చోటు లేదు. లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడానికి కూడా 1 నుంచి 3 ఏళ్ళు ఉన్నదాన్ని 2 నుంచి 5 ఏళ్ళు చేశారు. అదే సవరణలో ఒకరికి ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గించారు, లైసెన్స్ గడువు మాత్రం 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకి పెంచారు. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడాన్ని కూడా విడిగా నేరం చేశారు, మన వైపు ఆ సరదా తక్కువే గానీ ఉత్తరాదిలో దానివల్ల ప్రాణాలు పోతూ ఉంటాయి.

నా అభిప్రాయం అడిగితే, గ్యారేజీలో ఆసక్తితో ఒక ముక్క చెక్కినవాడికీ, వెనకాల గదిలో నాటు పిస్తోళ్ళు చేసి రౌడీలకి అమ్మేవాడికీ ఒకే సెక్షన్ పెట్టడం మొరటుగానే ఉంది. కానీ చట్టం చేసినవాళ్ళ మనసులో ఉన్నది రెండోవాడు, అలాంటివాళ్ళు ఈ దేశంలో చాలామందే ఉన్నారు, మొదటివాడు తక్కువ, పైగా పోలీసులు తలుపు తట్టే రోజున ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

ఈ చట్టం మూలం కొంచెం వెనక్కి వెళ్తే బ్రిటిష్ వాళ్ళ దగ్గర దొరుకుద్ది. 1857 తర్వాత భయం పట్టుకుని, లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా 1878లో ఆర్మ్స్ యాక్ట్ తెచ్చారు. భారతీయుడికి లైసెన్స్ కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు, అంత పచ్చిగా ఉండేది. దాని ఫలితం మన ఏజెన్సీ కొండల్లోనే కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు గారి దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా పడింది తుపాకుల కోసమే కదా, చేతిలో విల్లంబులు తప్ప ఏమీ లేని జనం, తుపాకీ దొరికే చోటు పోలీస్ స్టేషన్ ఒక్కటే. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేసి ఆ జాతి వివక్ష తీసేశారు గానీ "ముందు లైసెన్స్, తర్వాతే ఆయుధం" అన్న చట్రం అలాగే ఉంచారు. మినహాయింపులు లేకపోలేదు, కర్ణాటక కొడగు ప్రాంతంలో కొడవ జాతి వాళ్ళకి బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న మినహాయింపుని 2029 దాకా పొడిగించారు. మన ఏజెన్సీ వాళ్ళకి అలాంటిది లేదు.

అందుకే పాడేరు, చింతపల్లి వైపు నాటు తుపాకుల వార్తలు పేపర్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. అడవి పందుల నుంచి చేను కాపాడుకోడానికనో, వేటకనో, ముందు నుంచి మందు దట్టించి పేల్చే నాటు తుపాకీ ఇంట్లో ఉంటుంది, వేటకెళ్ళినప్పుడు తోటివాడికే తగిలి పోయినవాళ్ళున్నారు, పేలేటప్పుడు గొట్టమే పగిలి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. విచిత్రం ఏంటంటే చట్టంలో దీనికి దారి ఉంది. సెక్షన్ 13లోనే రాసి ఉంది, పంట కాపాడుకోడానికి నిజంగా అవసరమైతే మజిల్ లోడర్‌కి, అంటే ఇలా ముందు నుంచి మందు దట్టించే తుపాకీకి, లైసెన్స్ ఇవ్వాలని. కానీ కొండ మీద ఊరి నుంచి ఆ ఫారాలూ, వెరిఫికేషన్లూ, తిరుగుడూ ఎంతమందికి సాధ్యమో మనకి తెలియంది కాదు.

పేలిపోవడం గురించి వచ్చింది కాబట్టి ఒక మాట. వీడియోలో కనపడనిది ప్రెషర్. ఆ గ్యారేజీ రైఫిళ్ళలో ఎక్కువగా వాడే పాయింట్ 308 విన్చెస్టర్ తూటా పేలినప్పుడు లోపల అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్‌ఐ. మన కారు టైరులో కొట్టించేది 32 పీఎస్‌ఐ. అదంతా సెకనులో వెయ్యో వంతులో పుట్టి, కాల్చేవాడి చెంపకి జానెడు దూరంలో జరుగుతుంది. లోహం ఏ గ్రేడు, ఎలా హీట్ ట్రీట్ అయ్యింది, లోపల కంటికి కనపడని చీలిక ఏమైనా ఉందా, తూటా కూర్చునే గూడు కొలత ఎంత కచ్చితంగా ఉంది, వీటిలో ఒక్కటి తేడా వచ్చినా ఆ ఒత్తిడి ముందుకి కాకుండా వెనక్కి, మొహం మీదకి వస్తుంది. అందుకే ప్రపంచంలో చాలా దేశాల్లో కంపెనీలో చేసిన తుపాకీని కూడా ప్రూఫ్ టెస్ట్ చేస్తారు, అంటే మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి వచ్చే తూటాని మనిషి దూరంగా ఉండి పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. వీడియోలో ఆయన కూడా బ్యారెల్ సొంతంగా చెయ్యడు, గమనించండి, దశాబ్దాల పేరున్న కంపెనీ నుంచి తెప్పిస్తాడు. సొంత పనితనం అంతా చూపించేది చెక్క మీద, అమరిక మీద. ఆ సంగతి వీడియో థంబ్‌నెయిల్‌లో ఉండదు.

మరి మన దగ్గర రైఫిళ్ళు ఎవరు చేస్తారు? ఎక్కువ కాలం ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలే, బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాంట్లో పాతది, పేరున్నది. 2021 అక్టోబర్‌లో ఆ ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా విడగొట్టారు. లైసెన్స్ ఉన్న పౌరుడి దగ్గర కనిపించే రైఫిల్ ఎక్కువగా పాయింట్ 315 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు), సినిమాల్లో పోలీసుల చేతిలో చూసిన పాయింట్ 303 మామూలు పౌరుడికి ఇవ్వరు, అది మిలటరీ వాడిన బోర్ కాబట్టి ప్రొహిబిటెడ్, అంటే నిషిద్ధం కింద లెక్క. ఈ మధ్య ప్రైవేట్ కంపెనీలకి కూడా తయారీ లైసెన్సులు ఇస్తున్నారు, బెంగళూరులో ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ స్నైపర్ రైఫిళ్ళు చేస్తోంది. నిజంగా ఆ పని మీద పిచ్చి ఉన్న కుర్రాడు మెషినింగ్, మెటలర్జీ చదువుకుని అలాంటి చోట చేరితే షెడ్డులో ఎప్పటికీ దొరకని పనిముట్లు చేతికొస్తాయి, జైలుకి పోయే పని కూడా ఉండదు.

ఇప్పుడు చాలామందికి పనికొచ్చే ముక్క, ఎయిర్ రైఫిల్. ఆర్‌కే బీచ్‌లో బెలూన్లు కొట్టే గన్ను చూసి "ఇది బొమ్మే కదా" అనుకుంటాం. ఇందాక చెప్పిన "ఇంకే రకమైన శక్తి" అన్న మాట ఇక్కడ పని చేస్తుంది, గాలి ఒత్తిడి కూడా శక్తే, కాబట్టి మూలంలో ఎయిర్ గన్ కూడా ఫైర్ ఆర్మే. కాకపోతే 2016లో వచ్చిన ఆర్మ్స్ రూల్స్‌లో ఒక గీత గీశారు. బోర్ 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, గొట్టం చివర పెల్లెట్‌కి (ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుండు) ఉండే శక్తి 20 జూల్స్ దాటకుండా ఉంటే ఉంచుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు. దాటిందా, అది మామూలు తుపాకీ లాగే లైసెన్స్ కావలసిన వస్తువు.

20 జూల్స్ అంటే ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది, ఇంటర్ ఫిజిక్స్ చాలు, బరువులో సగం ఇంటూ వేగం స్క్వేర్. ఒలింపిక్స్ 10 మీటర్ల ఈవెంట్‌లో వాడే 4.5 పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు, మ్యాచ్ రైఫిల్ దాన్ని సెకనుకి దాదాపు 175 మీటర్ల వేగంతో వదుల్తుంది, లెక్క కడితే 8 జూల్స్ చిల్లర. అంటే ఒలింపిక్ పతకం తెచ్చే రైఫిలే మన లైసెన్స్ గీతలో సగం కూడా లేదు. అదే పెల్లెట్‌ని 300 మీటర్ల వేగంతో వదిలితే? దాదాపు 24 జూల్స్, గీత దాటేసింది. వేగం రెట్టింపు కూడా కాలేదు, శక్తి మాత్రం మూడింతలు అయ్యింది, స్క్వేర్ మహిమ. డబ్బా మీద "1000 ఎఫ్‌పీఎస్" అని గొప్పగా రాస్తారు, అంటే సెకనుకి వెయ్యి అడుగులు, సుమారు 305 మీటర్లు, చాలాసార్లు అతి తేలిక పెల్లెట్ పెట్టి కొలిచిన అంకె అది, 0.35 గ్రాముల పెల్లెట్ అయితే 16 జూల్సే వస్తుంది. కాబట్టి డబ్బా మీద వేగం చూసి ఏమీ తేల్చలేం, జూల్స్ ఎంతో అడగాలి.

ఇక్కడే "కస్టమ్" పిచ్చి ఉన్నవాళ్ళు తెలియకుండా ఇరుక్కుంటారు. షాపులో కొన్నప్పుడు గీత లోపల ఉన్న ఎయిర్ రైఫిల్‌కి, ఎవరో వీడియోలో చెప్పారని బలమైన స్ప్రింగ్ వేసో, పెద్ద బోర్ బ్యారెల్ తగిలించో పవర్ పెంచారనుకోండి, మీరు చేసింది ట్యూనింగ్ కాదు, లైసెన్స్ అక్కర్లేని వస్తువుని లైసెన్స్ కావలసిన ఆయుధంగా మార్చడం. పైన చెప్పిన సెక్షన్లన్నీ అప్పుడు మీ మీదకి తిరుగుతాయి. సైలెన్సర్ తగిలించడం కూడా అంతే, ఎయిర్ గన్‌కే కదా అనుకుంటారు, దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. పవర్ పెరిగినంత మాత్రాన గురి పెరగదు, ఇంకా చెప్పాలంటే బలమైన స్ప్రింగ్ కొట్టే దెబ్బకి రైఫిల్ ఎక్కువ అదిరి గురి పాడవుతుంది.

ఇంకోటి, పిట్టలు. కంబాలకొండ పక్కనే ఊరు, కొండ దిగి వచ్చే నెమళ్ళు, పావురాలు, ఎయిర్ గన్ చేతిలో ఉన్న కుర్రాడికి చెయ్యి దురద. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది వేట, గన్‌కి లైసెన్స్ అక్కర్లేకపోయినా కేసు మాత్రం పడుద్ది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద గోడకి టార్గెట్ పెట్టి కొట్టడం కూడా చూస్తుంటాం, పెల్లెట్ గోడకి తగిలి ఎటు తిరుగుద్దో చెప్పలేం, పక్క ఫ్లాట్ వాళ్ళ కంట్లో పడితే ఎయిర్ గన్ బొమ్మ అని కోర్టులో వాదించలేం. సెల్లార్‌లో కొట్టుకోవాలంటే పెల్లెట్‌ని ఆపి పట్టుకునే గట్టి పెల్లెట్ ట్రాప్ ఉండాలి, వెనక గోడ తప్ప ఇంకేం ఉండకూడదు, మధ్యలోకి మనుషులు వచ్చే దారి ఉండకూడదు.

సరే, ఇన్ని వద్దులు పోగా మిగిలిందేంటి అంటే, నా దృష్టిలో అసలు మజా ఉన్న భాగమే మిగిలింది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్టే 4.5. అంత దూరంలో అర మిల్లీమీటరు తప్పాలంటే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య సుమారు 80 సెంటీమీటర్లు ఉన్న రైఫిల్ మీద, ముందు సైటు కదలాల్సింది 0.04 మిల్లీమీటర్లు మాత్రమే. ఊపిరి తీస్తే కదిలేది అంతకన్నా ఎక్కువ, గుండె కొట్టుకుంటే కూడా కదులుద్ది. ఇక్కడ బ్యారెల్ గొప్పదనం ఎప్పుడో అయిపోయింది, మంచి కంపెనీ ఎయిర్ రైఫిల్‌ని వైస్‌లో బిగించి కొడితే దాదాపు ఒకే కన్నంలో పడతాయి. స్కోర్ పోయేది మనిషి దగ్గర, మనిషికీ రైఫిల్‌కీ మధ్య అతుకు దగ్గర.

ఆ అతుకే స్టాక్. భుజానికి ఆనే ప్లేటు ఎంత వెనక్కి ఉండాలి, ఎంత కిందకి, చెంప ఆనే చెక్క ఎంత ఎత్తు, ఎడమ చెయ్యి ఎక్కడ పడాలి, బరువు ముందుకి ఉండాలా వెనక్కి ఉండాలా, ఇవన్నీ ఒక్కో మనిషికి ఒక్కోలా. చెంప పీసు రెండు మిల్లీమీటర్లు తక్కువైతే కన్ను సైటు వెనకాల సరిగ్గా రాదు, మెడ వంచాల్సి వస్తుంది, అరవై షాట్ల మ్యాచ్ గంటంబావు నిలబడి కొట్టాలి, నలభయ్యో షాట్‌కి మెడ పట్టేస్తుంది, అక్కడి నుంచి తొమ్మిదులు మొదలు. అంతర్జాతీయ రూల్స్‌లో రైఫిల్ బరువు 5.5 కేజీలు దాటకూడదు, ఆ లోపల సర్దుకోవాలి. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది కూడా ఇందులోనే. అంత పెద్ద ఆటకి వాడే గన్ను పవర్ లైసెన్స్ గీతకి కిందే ఉంది చూడండి.

కాబట్టి లేతూ, ఫైలూ, రందా చేతిలో ఉన్నవాడు తన పనితనం చూపించాల్సిన చోటు ఇది. గీత లోపల ఉన్న ఎయిర్ రైఫిల్‌కి పవర్ జోలికి, ట్రిగ్గర్ లోపలి భాగాల జోలికి పోకుండా (ట్రిగ్గర్‌ని అతి తేలిక చేస్తే తాకీ తాకకముందే పేలుద్ది, ప్రమాదాలు అలాగే జరుగుతాయి), తన ఒంటికి సరిపోయే చెంప పీసు, బట్ ప్లేటు, చేతి రెస్టు చేసుకోవచ్చు. చెక్క ఏది అన్న దగ్గర మన ఊరి వాతావరణం అడ్డం వస్తుంది. వైజాగ్ తేమకి చెక్క ఉబ్బుతుంది, వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా, ఉబ్బిన చెక్క బ్యారెల్‌ని పక్క నుంచి నొక్కితే గురి పక్కకి జరిగిపోద్ది, మీరు సైటు తిప్పుకుంటూ కూర్చుంటారు, తప్పు సైటుది కాదు. పోటీల్లో ఆడేవాళ్ళు ఎక్కువగా అల్యూమినియం స్టాకులకి మారారు. చెక్కే కావాలంటే బాగా ఆరిన టేకు మంచిది, నాలుగు వైపులా, లోపలి గాడితో సహా ఫినిష్ పట్టించాలి, పైన మెరిపించి లోపల పచ్చిగా వదిలేస్తే తేమ అక్కడి నుంచే పడుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర లేత్ మీద వెన్నలా తిరుగుద్ది గానీ స్టాక్‌కి మరీ మెత్తన. ఇంక ఉప్పు గాలి సంగతి బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్లుకి పట్టే తుప్పే స్టీల్ మీదా పడుతుంది, కాల్చిన రోజే తుడిచి పల్చగా నూనె పట్టించాలి, ఫోమ్ ఉన్న బ్యాగులో నెలల తరబడి ఉంచకూడదు, ఫోమ్ తేమని పట్టి ఉంచుతుంది.

దీని పైకి, అంటే పాయింట్ 22 రైఫిల్‌కి వెళ్ళాలనుంటే దారి క్లబ్బు గుండానే. సెక్షన్ 13లో పంట మాట ఉన్న చోటే ఇంకో మాట ఉంది, గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు లేదా అసోసియేషన్ మెంబర్‌కి టార్గెట్ ప్రాక్టీస్ కోసం పాయింట్ 22 రైఫిల్‌కో ఎయిర్ రైఫిల్‌కో లైసెన్స్ ఇవ్వాలని. ఆత్మరక్షణ కోసం అడిగేవాళ్ళు "సరైన కారణం" చూపించలేక తంటాలు పడతారు, షూటర్‌కి చట్టంలోనే కారణం రాసిపెట్టి ఉంది. ముందు అకాడమీలో చేరితే అది స్టేట్ రైఫిల్ అసోసియేషన్‌కి, 1951 నుంచి ఉన్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కి అనుబంధంగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే మీరు కొట్టిన స్కోర్లు లెక్కలోకి రావు. కాలేజీ పిల్లలకైతే ఎన్‌సీసీ ఇంకా తేలిక దారి, పాయింట్ 22తో మొదటి గుండు కాల్చింది అక్కడే అనేవాళ్ళు మనలో బోలెడుమంది.

లైసెన్స్‌కి అప్లికేషన్ జిల్లా కలెక్టర్‌కి గానీ, కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్‌కి గానీ వెళ్తుంది, స్టేషన్ నుంచి వెరిఫికేషన్ రిపోర్ట్ వస్తుంది, ఆయుధం జాగ్రత్తగా వాడే ట్రైనింగ్ తీసుకున్నట్టు సర్టిఫికెట్ పెట్టాలి, ఇంట్లో తాళం వేసి భద్రంగా ఉంచే ఏర్పాటు చూపించాలి. వచ్చాక లైసెన్స్‌కి ఒక యూనిక్ నంబర్ ఉంటుంది, దేశం మొత్తం డేటాబేస్‌లో అదే మీ గుర్తు. ఎలక్షన్లు వస్తే గన్ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు, క్రీడాకారులకి సాధారణంగా మినహాయింపు అడగొచ్చు, కానీ అసోసియేషన్ లెటర్ చేతిలో ఉండాలి. ఎయిర్ రైఫిల్‌కి ఇవేమీ లేవు గానీ బిల్లు, జూల్స్ ఎంతో ఉన్న కంపెనీ కాగితం, మీ ఐడీ, మూడూ జిరాక్స్ తీసి బ్యాగు జేబులోనే పెట్టండి. మద్దిలపాలెంలో రాత్రి చెకింగ్‌లో ఆపినప్పుడు కానిస్టేబుల్ గారికి ఫిజిక్స్ లెక్క చెప్పే కన్నా ఆ కాగితం చూపించడం చాలా తేలిక, గన్ను మాత్రం ఖాళీగా, కేసులో, పెల్లెట్లు వేరే డబ్బాలో ఉండాలి.